కొత్త కోయి చేపలు కలిపాక పాతవి చచ్చిపోతున్నాయి, హెర్పిస్ వైరస్ అంటున్నారు. నిజమేనా?

హన్మకొండ_కోయి | డిసెంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఇంటి వెనక పెద్ద సిమెంటు తొట్టి ఉంది, అందులో కోయి చేపలు పెంచుతున్నాను. పోయిన నెల కొత్తగా కొన్ని కోయిలు కొని పాతవాటితో కలిపాను. వారం పది రోజులు అంతా బాగుంది. ఆ తర్వాత పాతవి తిండి మానేశాయి. నీళ్లు పడే పైపు కిందకి వచ్చి కదలకుండా నిలబడుతున్నాయి. ఒంటి మీద జిగురు పెరిగింది, అక్కడక్కడా తెల్లగా పాలిపోయింది. కళ్లు లోపలికి గుంజుకుపోయినట్టున్నాయి. చచ్చినదాని మొప్ప ఎత్తి చూస్తే ఎరుపు మధ్యలో తెల్ల మచ్చలు. సగానికి పైగా పోయాయి.

అదే తొట్టిలో ఉన్న గోల్డ్‌ఫిష్‌లకు, గప్పీలకు ఏమీ కాలేదు. నీళ్లు పొద్దున 21 డిగ్రీలు, మధ్యాహ్నం 24. కిట్‌తో చూస్తే అమ్మోనియా లేదు. ఒక వాట్సాప్ గ్రూపులో ఇది హెర్పిస్ వైరస్ అన్నారు. మా మామయ్య మాత్రం "తొట్టి ఇరుకైంది, మిగిలినవి తీసుకుపోయి వడ్డేపల్లి చెరువులో వదులు, పెద్ద నీళ్లల్లో బతుకుతయి" అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు, మస్తు టెన్షన్‌గా ఉంది.

గాలం_గ్యాంగ్ | రాత్రి 9:52

హెర్పిస్ చేపలకు కూడా వస్తదా? వాటికి పెదాలేవి అన్నా!

ఫిష్_పెబ్బేరు | రాత్రి 10:35

ముందు ఒక్క మాట. వడ్డేపల్లిలోనే కాదు, ఏ చెరువులోనూ వదలకండి. మామయ్యగారికి నచ్చజెప్పండి.

మీరు రాసినవాటిలో గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు బాగున్నాయన్నదే అసలు ఆధారం. నీళ్లు చెడినా, ఆక్సిజన్ తగ్గినా, మందు కలిసినా సాధారణంగా ఇలా ఒక్క జాతినే ఏరి చంపదు. ఒక్క కోయిలనే పట్టుకుని పక్కవాటిని వదిలేసిందంటే వైరస్‌ను అనుమానించాల్సిందే.

వాట్సాప్‌లో చెప్పినదాని పూర్తి పేరు సిప్రినిడ్ హెర్పిస్‌వైరస్-3. కోయి హెర్పిస్ వైరస్, కేహెచ్‌వీ అని పిలుస్తారు. 1998లో ఇజ్రాయెల్, అమెరికాల్లో బయటపడింది. నీళ్లు సుమారు 16 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే జబ్బు చేస్తుంది, 30 దాటితే వైరస్ పెరగడం ఆగిపోతుంది. అంటే మన దగ్గర ఎండాకాలం దానికి గిట్టదు, చలికాలమంతా అనుకూలం. మీ 21, 24 రెండూ సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నాయి. వైరస్ సోకాక సాధారణంగా ఒకటి రెండు వారాలకు లక్షణాలు కనిపిస్తాయి, కనిపించాక ఒకటి రెండు రోజుల్లోనే చేప పోతుంది. మందలో 80 శాతానికి పైగా చచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

గోల్డ్‌ఫిష్‌ను చంపేది వేరే వైరస్, సిప్రినిడ్ హెర్పిస్‌వైరస్-2. అది 1992లో జపాన్‌లో మొదట కనిపించింది. పశ్చిమ బెంగాల్ గోల్డ్‌ఫిష్‌లలో దొరికినట్టు 2016లో మన శాస్త్రవేత్తలు ప్రచురించారు. మీ గోల్డ్‌ఫిష్‌లు చలాకీగా ఉన్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

అయినా ఇప్పుడే కేహెచ్‌వీ అని పేరు పెట్టను. కార్ప్ ఎడిమా వైరస్ అని ఇంకొకటి ఉంది, అది హెర్పిస్ కాదు, పాక్స్ (మశూచి) వైరస్‌ల కుటుంబానిది. మన దేశపు కోయిల్లో అది ఉన్నట్టు ఇప్పటికే తేలింది. అది వచ్చినప్పుడు చేపలు నిద్రపోతున్నట్టు అడుగున పడుంటాయి, కళ్లు గుంజుకుపోతాయి, మొప్పలు చెడతాయి. కంటితో చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాదు, వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్ష చేయాల్సిందే.

కరీంనగర్_ట్యాంక్స్ | డిసెంబరు 10, ఉదయం 7:15

నాకు అక్వేరియం షాపు ఉంది. ప్రతిదానికీ షాపువాళ్లనే అంటారు కాబట్టి ముందే చెప్తున్నా, షాపులో వారం ఉన్న చేప బాగుంటేనే అమ్ముతాం.

అన్నా, ఒక హీటర్ కొనండి. నీళ్లను మెల్లగా, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచండి. గాలి పంపు డబుల్ పెట్టండి. చావులు ఆగుతాయి, చాలామందికి ఆగాయి. పీసీఆర్ అని తిరిగేలోపు ఉన్నవి కూడా పోతాయి.

ఫిష్_పెబ్బేరు | ఉదయం 8:05

కరీంనగర్ అన్నా, చావులు ఆగుతాయన్నది నిజమే. ఇజ్రాయెల్ రైతులు ఈ ఒడుపు వాడుకున్నారు. చేప పిల్లలకు వైరస్‌ను అంటించి, కొద్ది రోజులకే 30 డిగ్రీల నీళ్లలోకి మార్చేవారు. వాటిలో చాలావరకు బతికి, తర్వాత ఆ జబ్బును తట్టుకునేవి. తర్వాత బలహీనపరిచిన వైరస్‌తో టీకా కూడా చేశారు.

చిక్కల్లా ఆ బతికిన చేపతోనే. హెర్పిస్ కుటుంబం మొత్తానికీ ఒక గుణం ఉంది. మనిషికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది. ఆ వైరస్ నరాల్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా బయటికి వస్తుంది. కోయిలో ఇది తెల్లరక్తకణాల్లో దాక్కుంటుంది. పైకి నిగనిగలాడుతుంది, తిండి తింటుంది, పోటీల్లో బహుమతి కూడా కొట్టొచ్చు. వచ్చే చలికాలం నీళ్లు చల్లబడ్డాక, లేదా బండిలో ఊరు మార్చిన ఒత్తిడికి, మళ్లీ వైరస్‌ను వదులుతుంది. షాపులో హీటర్ పెట్టిన తొట్టిలో వారం బాగున్నంత మాత్రాన అది శుభ్రమైన చేప అని చెప్పలేం. మీ షాపును అనడం లేదు. వెచ్చని నీళ్లలో ఈ జబ్బు కనబడదు, అంతే.

కొత్త చేపను విడిగా ఉంచి చూడాలంటే 22, 24 డిగ్రీల దగ్గర కనీసం నెల ఉంచాలి. 30 దగ్గర నెల ఉంచినా ఏమీ తెలియదు.

కరీంనగర్_ట్యాంక్స్ | ఉదయం 8:20

నెల రోజులు విడిగా పెట్టి తిండి పెడితే ఇక అమ్మేది ఎంతకు? చెప్పడం సులువు సార్.

మత్తడి_కాడ | మధ్యాహ్నం 1:30

నర్సంపేట దిక్కు మాది. మత్స్య సొసైటీలో సభ్యుణ్ణి. ఈ కోయిలు, గప్పీలు నాకు తెల్వదు గానీ వైరస్ అన్న మాట చూసి అడుగుతున్న. మొన్న ఎండాకాలం చివర మా చెరువులో ఒక్క రాత్రిలో చేపలన్నీ తెల్లగా తేలినయి. బొచ్చెలు, రవ్వులు, మృగాలలు, జెల్లలు, పరకలు, ఏదీ మిగల్లేదు. మృగశిర కార్తెకు పడదామని పెంచిన చేప అంతా పోయింది. ఎవరో వచ్చి చూసి వైరస్ అన్నరు. గిదేనా అది?

ఫిష్_పెబ్బేరు | మధ్యాహ్నం 2:10

కాకా, మూడు ప్రశ్నలు. ముందురోజు మబ్బు గానీ వాన గానీ ఉందా? పెద్ద చేపలు ముందు తేలాయా, చిన్నవా? కొర్రమీనులు చచ్చాయా?

మత్తడి_కాడ | మధ్యాహ్నం 2:45

సాయంత్రం ఈదురుగాలితోని మొదటి వాన పడ్డది. చెరువుల నీళ్లు మోకాలు దాటి లేవు, పచ్చగా ఉండె. తెల్లారుజామున పోయేసరికి పెద్దవి నోరు తెరిచి పైకి వచ్చినయి, చిన్నవి తర్వాత పోయినయి. కొర్రమీనుకు ఏం కాలే. ఆ ముచ్చటనే మేమూ అనుకున్నం, ఇదేంది ఇవి మాత్రం బతికినయి అని.

ఫిష్_పెబ్బేరు | మధ్యాహ్నం 3:20

అయితే వైరస్ కాదు కాకా, ఆక్సిజన్ అయిపోయింది. పచ్చటి నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. వాన, గాలి అడుగున ఉన్న నల్ల బురదను కలిపేశాయి, ఆ బురద కుళ్లుతూ మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ తీసుకుంది. తెల్లవారుజామున అడుగంటింది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి దానికి దెబ్బ తగల్లేదు. పొలం మందు కలిసినా ఒక్కరోజులో తేలతాయి గానీ అప్పుడు ఎక్కువగా చిన్న చేపలే ముందు పోతాయి.

హెర్పిస్ అయితే ఒక్క రాత్రిలో ముగిసేది కాదు. రోజూ కొన్ని చొప్పున, వారం రెండు వారాలపాటు తేలుతూనే ఉంటాయి. అదీ బంగారుతీగలే. పక్కనే బొచ్చె, రవ్వు హాయిగా తిరుగుతుంటాయి. ఎండాకాలం చివర 30 దాటిన నీళ్లలో అసలే రాదు.

మత్తడి_కాడ | మధ్యాహ్నం 3:50

బంగారుతీగకు, ఆయన రంగు చేపలకు సంబంధం ఏంది మరి?

మంచిర్యాల_జువాలజీ | సాయంత్రం 6:30

ఇది నేను చెబుతాను. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, అలవాటు పోలేదు.

రెండూ ఒకే జాతి, సిప్రినస్ కార్పియో. జపాన్‌వాళ్లు రంగు కోసం పెంచిన బంగారుతీగనే కోయి అంటాం. బంగారుతీగ మన చేప కూడా కాదు. 1939లో ఒక రకం నీలగిరులకు వచ్చింది. మన మైదానాల వేడికి తట్టుకునే బ్యాంకాక్ రకం 1957లో వచ్చింది. చెరువులోనే గుడ్లు పెడుతుంది, తొందరగా పెరుగుతుంది, ఏది పడితే అది తింటుంది. అందుకే ఊరూరా పాకింది. 2016 నుంచి మన రాష్ట్రంలో ఉచితంగా ఇస్తున్న చేప పిల్లల్లోనూ చిన్న చెరువులకు బొచ్చె, రవ్వుతో పాటు ఇదే ఇస్తారు.

కాబట్టి హన్మకొండ తొట్టిలో కోయిని చంపే వైరస్‌కు నర్సంపేట బంగారుతీగ కొత్త చేపేమీ కాదు. ఇండోనేషియాలో జరిగింది ఇదే. 2002లో జబ్బు ముందు కోయిల్లో కనిపించింది, కొద్ది నెలల్లోనే తినే చేపలు పెంచేవాళ్ల చెరువుల్లోకి, నీళ్లలో వలలతో కట్టిన పంజరాల్లోకి వెళ్లింది. మరుసటి ఏడాది జపాన్‌లో కసుమిగౌరా సరస్సు పంజరాల్లో కార్ప్‌లు, అంటే ఈ బంగారుతీగలే, చచ్చాయి. 2004లో బివా సరస్సులో లక్షకు పైగా అడవి కార్ప్‌లు పోయాయి. అంత పెద్ద సరస్సులో పోయాయి, పెద్ద నీళ్లల్లో బతుకుతాయన్న మామయ్యగారికి ఇది చెప్పండి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పడితే కింది చెరువుకు నీళ్లతోపాటు చేపలూ పోతాయి. వ్యవసాయానికి అది వరం. జబ్బుకు కూడా అదే బాట. జపాన్‌లో లారీల్లో చేపలను మోస్తే వ్యాపించింది, మనకు ఆ లారీ కూడా అక్కర్లేదు.

సందేహాల_పుట్ట | రాత్రి 8:15

మీరంతా వైరస్ అంటే వణుకుతున్నారు. ఆస్ట్రేలియావాళ్లు అదే వైరస్‌ను తెచ్చి నదుల్లో వదులుతామన్నారు తెలుసా? 2016లో ప్రకటించారు. అంత ప్రమాదమైతే సర్కారే ఎందుకు వదులుతుంది?

మంచిర్యాల_జువాలజీ | రాత్రి 8:50

వదులుతామన్నారు గానీ వదల్లేదు తమ్మీ, పరిశీలిస్తామన్నారు. అక్కడ కార్ప్ శత్రువు. ముర్రే-డార్లింగ్ నదుల్లో అడుగు బురదంతా కెలికి నీళ్లను చెడగొడుతోంది, స్థానిక చేపలకు చోటు లేకుండా చేసింది. ఏళ్లపాటు పరిశోధించి 2022లో ప్రణాళికను బయటపెట్టారు. వైరస్ వాడొచ్చు గానీ ముందు తేల్చాల్సినవి ఇంకా ఉన్నాయని రాశారు. టన్నులకొద్దీ చేపలు ఒకేసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ ఏమవుతుంది, ఆ నీళ్లు తాగే ఊళ్లేం కావాలి అన్నది అందులో పెద్ద చిక్కు. మధ్యాహ్నం కాకా చెప్పిన చావు, ఈ వైరస్ చావు అక్కడ రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయన్నమాట. వాళ్లకు అక్కర్లేని చేప మన సొసైటీలకు కూడు పెడుతోంది. వాళ్ల లెక్క మనకు పనికిరాదు.

ఈ వైరస్ గురించి నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. బెల్జియంలో లీజ్ విశ్వవిద్యాలయంవాళ్లు వైరస్‌లో వెలుగునిచ్చే జన్యువు చేర్చి, అది చేపలోకి ఎక్కడినుంచి దూరుతోందో చూశారు. మొప్పల నుంచే అని అందరూ అనుకుంటున్న రోజులు. వెలుగు ముందు చర్మం మీద కనిపించింది. తర్వాత 2017లో ఇంకోటి చేశారు. చల్లటి, వెచ్చటి అరలున్న తొట్టిలో జబ్బు చేపలను వదిలారు. అవి వాటంతటవే 32 డిగ్రీల అరలోకి వెళ్లి బతికాయి! చేప తనకు తాను జ్వరం తెచ్చుకుంటోందన్నమాట. వైరస్ కూడా తక్కువది కాదు, చేప వెచ్చటి అరకు వెళ్లడాన్ని ఆలస్యం చేసే ప్రొటీన్ ఒకటి తయారు చేసుకుంటుంది. దాని జన్యుపటం హెర్పిస్ వైరస్‌లన్నిటిలోకీ పెద్దది, దాదాపు 295 వేల అక్షరాలు. అంత పెట్టుకుని ఏం చేస్తుందంటే ఇలాంటివే.

కరీంనగర్ తమ్ముడి హీటర్ కిటుకు చేపకు ముందే తెలుసు.

కరీంనగర్_ట్యాంక్స్ | రాత్రి 9:05

థ్యాంక్యూ సార్. ఇన్నాళ్లకు నా హీటర్‌కు సర్టిఫికెట్ దొరికింది.

ములుగు_అక్క | డిసెంబరు 11, ఉదయం 10:10

మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. కొర్రమీను పెంచుతున్నాం. చలి మొదలైనప్పటి నుంచి ఒంటి మీద ఎర్రటి పుండ్లు, లోతుగా కండ దాకా. ఇదీ హెర్పిసేనా?

ఫిష్_పెబ్బేరు | ఉదయం 10:40

కాదక్కా. కొర్రమీనుకు చలికాలంలో ఇలాంటి పుండ్లంటే ముందు అనుమానించేది ఈయూఎస్ అనే పుండ్ల జబ్బు. అది వైరస్ కాదు, బూజులాంటి జీవి వల్ల వస్తుంది, మన దేశంలో 1988 నుంచి ఉంది. సున్నం వేస్తారు గానీ మోతాదు నీళ్ల పీహెచ్ చూశాకే. దీనికి వేరే చర్చ పెట్టండి, ఫొటోలు కూడా పెట్టండి, అక్కడ రాస్తాను. ఇక్కడే రాస్తే రెండూ కలిసిపోతాయి.

హన్మకొండ_కోయి | సాయంత్రం 5:25

అందరికీ థ్యాంక్స్. మామయ్యకు బివా సరస్సు సంగతి చెప్పాను, ఊరుకున్నారు. చెరువు ఆలోచన మానేశాం. పీసీఆర్‌కు ఏం పంపాలి, ఎవరికి పంపాలి? చచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టాను, మా అమ్మ ఇల్లు వదిలి పోతానంటోంది.

ఫిష్_పెబ్బేరు | సాయంత్రం 6:00

అమ్మగారికి ఆ ఫ్రిజ్ ఇచ్చేయండి. చచ్చి గంటలు గడిచినవాటితో పెద్దగా లాభం లేదు. ఇప్పుడు తూలుతున్న, ఇంకా ప్రాణమున్న చేప కావాలి. దాని మొప్ప ముక్క, కిడ్నీ ముక్క 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే పీసీఆర్‌కు సరిపోతాయి. మీరే కోయొద్దు. ముందు జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో చెప్పండి, నమూనా ఎలా తీయాలో, ఎక్కడికి పంపాలో వాళ్లు చూస్తారు. కేంద్రం 2023లో తెచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అనే యాప్‌లో కూడా ఫొటోలతో పెట్టొచ్చు. కేహెచ్‌వీ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బు, అనుమానమున్నా చెప్పాల్సిందే. మా పెబ్బేరు మత్స్య కళాశాలలో మాస్టార్లతోనూ మాట్లాడి చూస్తాను.

అప్పటిదాకా ఆ తొట్టి నీళ్లు మోరీలోకి వదలొద్దు, మోరీలన్నీ చివరికి ఏదో చెరువులోకే పోతాయి. ఒక డ్రమ్ములో పట్టి బ్లీచింగ్ కలిపి, ఘాటు తగ్గాక మొక్కలు లేని చోట పోయండి. జాలి వల, బకెట్, చేతులు అన్నీ కడగాలి. సామాన్లకు 200 పీపీఎం (లీటరుకు 200 మిల్లీగ్రాముల) క్లోరిన్‌లో గంట నానబెట్టడం సరిపోతుంది. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పూడ్చండి. కాకులు, కుక్కలు లాక్కుపోకూడదు.

మత్తడి_కాడ | రాత్రి 7:40

మా సొసైటీ మీటింగుల ఈ ముచ్చట పెట్టిన. బతుకమ్మ నాడు, వినాయకుని నాడు ఎవరెవరో అక్వేరియం చేపలు తెచ్చి చెరువుల ఇడుస్తరు, పుణ్యమని. ఈసారి నుంచి ఇడువనియ్యమని అందరం అనుకున్నం. ఇంకోటి, పిల్ల పోసేటప్పుడు బంగారుతీగ వేరేగా వస్తదా, కలిపే వస్తదా అని సర్కారోళ్లను అడుగుతం. జబ్బు పిల్లతోని రాదని గ్యారంటీ ఏంది?

ఫిష్_పెబ్బేరు | రాత్రి 8:10

మంచి ప్రశ్న కాకా. హేచరీ తల్లి చేపలకు పరీక్ష చేయించారా అని కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే చేయిస్తారు.

హన్మకొండ_కోయి | డిసెంబరు 29, ఉదయం 11:15

రిపోర్టు వచ్చింది. కేహెచ్‌వీ నెగెటివ్. కార్ప్ ఎడిమా వైరస్ పాజిటివ్. ఇంకా కొన్ని కోయిలు బతికే ఉన్నాయి.

కరీంనగర్_ట్యాంక్స్ | ఉదయం 11:20

హమ్మయ్య! హెర్పిస్ కాదు కదా, ఇక భయమెందుకు?

ఫిష్_పెబ్బేరు | మధ్యాహ్నం 12:05

కొంచెం ఊరట, అంతే. దీనికి నీళ్లలో 0.5 శాతం ఉప్పు వేస్తే చావులు తగ్గుతాయి. లీటరుకు 5 గ్రాములు, అయోడిన్ లేని కల్లుప్పు, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతలుగా. గప్పీలకు ఆ ఉప్పు ఏమీ కాదు, గోల్డ్‌ఫిష్‌లను మాత్రం వేరే తొట్టిలోకి మార్చండి. ఆ తొట్టి నీళ్లు, సామాను ఇందులో కలవకూడదు. హెర్పిస్‌కు ఉప్పు పనిచేయదు, అందుకే పేరు తెలియడం ముఖ్యం.

ఈ బతికినవి కూడా వైరస్‌ను మోస్తాయనే అనుకోండి. అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, కొత్తవి కలపొద్దు. చెరువు మాట అసలే వద్దు. దీనికీ బంగారుతీగ ఇష్టమే.

హన్మకొండ_కోయి | మధ్యాహ్నం 12:30

సరే అన్నా. ఉన్నవాటితోనే ఉంటాను. కొత్తవి కొన్న చోట రిపోర్టు చూపించాను. మీ తొట్టి నుంచే వచ్చిందని ఏంటి గ్యారంటీ అన్నారు. వాదించలేదు.

గాలం_గ్యాంగ్ | మధ్యాహ్నం 1:10

ఇదంతా చదివాక ఒకటే డౌటు. ఆదివారం బంగారుతీగ పులుసు పెట్టుకోవచ్చా లేదా?

మత్తడి_కాడ | మధ్యాహ్నం 1:25

పెట్టుకో తమ్మీ. ఈ వైరస్‌లు మనిషిని ఏం చెయ్యయి. చచ్చి తేలిన చేప మాత్రం, ఏ జాతిదైనా, ఎంత అగ్గువకు ఇచ్చినా కొనకు. అది ఏ మందుకు తేలిందో ఎవరికి తెలుసు. పొద్దున ఆరింటికి మా కట్ట మీదికి రా, వలల ఎగురుతున్నది తూకమేసి ఇస్త.